చీదుళ్ళ లెక్క

1993లో నాకు ఇరవై మూడేళ్ళు. సినిమా గురించి నాకు తెలిసినంత తెనాలిలో ఇంకెవరికీ తెలియదని అప్పట్లో నా గట్టి నమ్మకం. దానికి ఆధారాలు రెండు. ఒకటి, నేను కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊళ్ళో పుట్టాను. ఆయన కథలు రాశాడు, 'చందమామ' నడిపాడు, మధ్యలో సినిమాల మీద బోలెడు వ్యాసాలు కూడా రాసి పడేశాడు. ఆ ఊరి మంచినీళ్ళే నేనూ తాగాను కనక విమర్శ వేరే నేర్చుకోనక్కర్లేదనుకున్నాను. రెండోది, విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో సత్యజిత్ రాయ్ సినిమా వ్యాసాల పుస్తకం ఒకటి పన్నెండు రూపాయలకి కొన్నాను. దానికి అట్ట లేదు. మొదటి పదహారు పేజీలూ లేవు. పదిహేడో పేజీ నుంచి మొదలైన నా సినిమా జ్ఞానం ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాగే, మొదలు లేకుండానే నడిచింది.

ఊళ్ళో అప్పుడొక చిన్న వారపత్రిక ఉండేది. శుభలేఖలూ దశదిన కర్మ కార్డులూ అచ్చేసే ప్రెస్సులోనే అదీ అచ్చయ్యేది. ఒక్కోసారి కార్డులకి వేసే పూలబార్డరు మా సంపాదకీయం చుట్టూ కూడా పడిపోయేది. సినిమా పేజీ రాసే కుర్రాడికి బ్యాంకు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతే ఆ పేజీ నాకు దక్కింది. సమీక్షకి పాతిక రూపాయలు. టికెట్టు డబ్బులు వేరే, అవి మాత్రం చించిన టికెట్టు ముక్క తెచ్చి చూపిస్తేనే.

'మాతృదేవోభవ' ఆ రోజుల్లోనే వచ్చింది. అజయ్‌కుమార్ దర్శకుడు, కె.ఎస్. రామారావు నిర్మాత, కీరవాణి సంగీతం, వేటూరి పాటలు. మలయాళంలో సిబి మలయిల్ తీసిన 'ఆకాశదూతు'కి అది తెలుగు రూపం. రెండింట్లోనూ తల్లి వేషం మాధవిదే. 'మరోచరిత్ర'లో ఆమెని చూసి కవిత్వం రాసుకున్న కుర్రాళ్ళు మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళకి ఈ సినిమా పోస్టరు చూస్తేనే మనసు పాడైంది. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అనాథలుగా పెరిగిన ఇద్దరు పెళ్ళి చేసుకుంటారు, పిల్లలు పుడతారు. మొగుడు తాగుబోతు, హత్యకి గురవుతాడు. భార్యకి బ్లడ్ క్యాన్సర్. వెనకా ముందూ ఎవరూ లేని ఆ మనిషి, తను పోయేలోపు పిల్లల్ని తలో ఇంటికీ దత్తతకి ఇచ్చుకోవాలి.

ఊళ్ళో ఆడవాళ్ళు మ్యాట్నీలకి బారులు తీరారు. చూసొచ్చినవాళ్ళు వెళ్ళబోయేవాళ్ళకి, ఊటీ వెళ్ళేవాళ్ళకి స్వెట్టరు సంగతి చెప్పినట్టు, కర్చీఫుల సంగతి చెప్పేవాళ్ళు. మా పిన్ని జాకెట్లు కుట్టేది. ఆ వేళ ఇవ్వాల్సిన రెండు జాకెట్లు మర్నాటికి వాయిదా వేసి నాతో బయల్దేరింది.

నేను శీర్షిక ముందే పెట్టుకుని వెళ్ళాను. 'కన్నీళ్ళ కుళాయి'. ఇక సినిమా చూడటం ఒక్కటే మిగిలింది.

ఇక్కడ నా తెలివి ఎలా పనిచేసిందో చెప్పాలి. తెర మీద ఏం జరుగుతోందో ఎవరైనా రాస్తారు, హాల్లో ఏం జరుగుతోందో రాసినవాడే విమర్శకుడు అనుకున్నాను. ఈ సినిమా జనాన్ని ఏడిపించడానికి తీసిన యంత్రం కదా, అయితే యంత్రాన్ని కొలిచినట్టే కొలవాలి. చీకట్లో కన్నీళ్ళు కనపడవు. వినపడేది చీదటం ఒక్కటే. అందుకని చీదుళ్ళు లెక్కపెట్టాలని నిర్ణయించాను. మా నాన్న ఇచ్చిన హెచ్ఎంటీ గడియారానికి రేడియం ముళ్ళున్నాయి, చీకట్లో టైము కనపడుతుంది. నోట్‌బుక్కులో పచారీ కొట్టువాడు బస్తాలు లెక్కపెట్టినట్టు నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. తెర వైపు అప్పుడప్పుడూ, నోట్‌బుక్కు వైపు ఎప్పుడూ. పక్కసీట్లో పిన్ని ఉంది కదా, ఆమెకి వేరే పేజీ.

విశ్రాంతి బోర్డు పడేసరికి హాలు మొత్తానికి నూట పద్నాలుగు తేలాయి. బాల్కనీ వినపడలేదు కనక కలపలేదు. పరిశోధనలో నిజాయితీ ఉండాలి కదా.

రెండో సగంలో ఒకచోట నాకు దాహమేసింది. లేచి బయటికెళ్ళి గోలీసోడా తాగి, కాసేపు సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, మళ్ళీ లోపలికొచ్చాను. ఈ దాహం సంగతి మళ్ళీ వస్తుంది.

సమీక్ష ఆ రాత్రే రాశాను. చదువుతుంటే నాకే ముచ్చటేసింది. మొదటి పేరాలో చీదుళ్ళ అంకెలు. రెండో పేరాలో పక్కసీటు మహిళ ఒకావిడ పదకొండుసార్లు చీదినట్టు, ఆవిడ పమిట చెంగు పిండితే గ్లాసుడు నీళ్ళొస్తాయని చమత్కారం. మూడో పేరాలో, ముగ్గురు పిల్లల తల్లి ఒక్కొక్కర్నీ పంచిపెట్టుకుంటూ పోవడాన్ని పంక్తిభోజనంలో వడ్డన అన్నాను. పాటల గురించి ఒకే వాక్యం: ఏడుపుకి తాళం వేయడానికి తప్ప వీటికి వేరే పని లేదు అని. కీరవాణి తనే గొంతిచ్చి పాడిన పాట కూడా అందులోనే కొట్టుకుపోయింది. ముగింపులో నా బ్రహ్మాస్త్రం. ఇలాంటి త్యాగమూర్తి కథనే బెంగాల్లో ఋత్విక్ ఘటక్ 1960లో 'మేఘే ఢాకా తారా'గా తీశాడు, ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా, గొంతు పెంచకుండా, గుండెని తాకాడు, మనవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోవాలి అని ఘనంగా ముగించాను.

'మేఘే ఢాకా తారా' నేను చూడలేదు. ఎక్కడో ఒక పత్రికలో దాని గురించి అర పేజీ చదివాను. పక్కన ఒక ఫొటో ఉంది. అందులో నాయిక మౌనంగా ఎటో చూస్తోంది. ఆ ఫొటోలో ఆవిడ ఏడవటం లేదు కనక సినిమాలో కూడా ఏడవదని తేల్చాను.

పత్రిక గురువారం వచ్చింది. పిన్ని మిషను తొక్కడం ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, నిదానంగా చదివింది. చదివి మడిచి, మిషను సొరుగులో పెట్టింది.

"పక్కసీటు మహిళ అంటే నేనేగా?"

నేను నవ్వాను. ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు.

"పదకొండని రాశావు. నువ్వు సోడా తాగను పోయినప్పుడు ఇంకో రెండున్నయ్. పదమూడు. రాసేటప్పుడు సరిగ్గా రాయాలి" అంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టి, దారం తెగితే ఆగి, సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది: "ఏడిపించే సినిమాకి పోయి ఏడిపించారని రాస్తావేందిరా? పెళ్ళిభోజనానికి పోయి కడుపు నిండిందని పేపర్లో వేయిస్తారా ఎవరన్నా?"

పిన్నికి ఏడుపు సినిమాల్లో అనుభవం నాకున్నంత కాదు, చాలా ఎక్కువ. పెళ్ళి కాకముందు, 1969లో, 'మనుషులు మారాలి' చూసింది. అదీ మలయాళం నుంచి వచ్చిందే, 'తులాభారం' దాని మూలం. ఆకలికి తాళలేక తల్లి పిల్లలకి విషం పెట్టే కథ. రెండింట్లోనూ ఆ తల్లి శారద, మా తెనాలి అమ్మాయి. 'తులాభారం'కి జాతీయ ఉత్తమ నటి అయి ఊర్వశి శారద అయింది. కేరళ నుంచి తెనాలిదాకా కన్నీటికి పాతికేళ్ళ ముందే పక్కా రోడ్డు వేసి ఉందన్నమాట. నేను అదేదో కొత్త కుట్ర కనిపెట్టినట్టు రాశాను. "మన శారద పిల్లల్ని చంపుకునే సినిమా చూసినదాన్ని, ఈ మాధవి నాకొక లెక్కా? అయినా ఏడ్చాను. ఎందుకంటావ్? ఇంట్లో ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని అడుగుతారు. అక్కడ ఎవరూ అడగరు" అంది.

ఇంతకంటే పెద్ద మాట ఆ పదిహేడో పేజీ నుంచి చివరిదాకా ఎక్కడా నాకు కనపడలేదు. కానీ అప్పుడు అది విమర్శ అని తెలియలేదు. ముచ్చటగా ఉందనుకుని ఊరుకున్నాను. పిన్ని దేనికి ఏడ్చిందో అడగాలని కూడా తోచలేదు. ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కపెట్టినవాడికి ఎందుకేడ్చిందో అడగాలనిపించకపోవడం, ఇప్పుడు తలుచుకుంటే, ఆ సమీక్ష మొత్తంలోకీ పెద్ద తప్పు.

పది రోజుల తర్వాత పత్రికకి ఒక పోస్టుకార్డు వచ్చింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. సంతకం లేదు, 'ఒక ప్రేక్షకురాలు' అని ఉంది. సంపాదకుడు గారు నాకిచ్చి, మాట్లాడకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. కార్డులో ఇంతే ఉంది: "అయ్యా, పిల్లలు ముగ్గురని రాశారు. నలుగురండీ. అవిటి పిల్లాణ్ణి సినిమాలో చివరిదాకా ఎవరూ తీసుకెళ్ళరు. మీరు కూడా వదిలేశారు."

సినిమా మొత్తం ఆ లెక్క మీదే నిలబడి ఉంది. నలుగురు పిల్లలు, ఇన్ని ఇళ్ళు, ఇన్ని రోజులు. వచ్చినవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ఎంచుకుని తీసుకెళుతుంటే, ఎంచుకోబడని ఒక్కడు గడప దగ్గర మిగిలిపోతాడు. హాల్లో నూట పద్నాలుగు చీదుళ్ళు తప్పకుండా లెక్కపెట్టినవాణ్ణి, తెర మీద నలుగురు పిల్లల్ని లెక్కపెట్టలేకపోయాను.

ఎందుకు పోయాడా నాలుగోవాడు నా లెక్కలోంచి? నోట్‌బుక్కు చూసుకుంటూ కూర్చున్నాను కనక అని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం గోలీసోడా దగ్గర ఉంది. నేను లేచి బయటికెళ్ళింది ఆ పిల్లాడి దగ్గరికి కథ వస్తున్నప్పుడే. గొంతు దగ్గర ఏదో అడ్డం పడ్డట్టయి, మింగుడు పడక, నొప్పెట్టింది. సైకిల్ స్టాండు దగ్గర నిలబడింది సోడా తాగడానికి కాదు, సోడా తాగటం ఒక్క నిమిషంలో అయిపోయింది. దాన్నే దాహమని ఇరవై ఏళ్ళు చెప్పుకొచ్చాను. ఆ సాయంత్రం నా పేజీలో నా పేరున ఒక్క గీత కూడా లేదు.

ఆ కార్డు రాయ్ పుస్తకంలో మొదట పెట్టాను, లేని పదహారు పేజీల చోట.

శిక్ష అంతటితో అయిపోలేదు. మరుసటేడు 41వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించారు. 'మాతృదేవోభవ' పాటకి వేటూరికి ఉత్తమ గీత రచయిత అవార్డు. తెలుగు పాటకి ఆ గౌరవం అంతకుముందు ఒక్కసారే దక్కింది, 'అల్లూరి సీతారామరాజు'కి శ్రీశ్రీకి. రెండు దశాబ్దాల తర్వాత మళ్ళీ ఇప్పుడు. తాళం వేయడానికి తప్ప పనికిరావని నేను ఒక్క వాక్యంలో తేల్చేసిన పాటల్లో ఒకటి అది. అదే జాబితాలో మలయాళం 'ఆకాశదూతు'కి కుటుంబ సంక్షేమం మీద తీసిన ఉత్తమ చిత్రం అవార్డు కూడా ఉంది. పేపరు చదివిన సంపాదకుడు గారు, "ఢిల్లీవాళ్ళు నీ సమీక్ష చదివినట్టు లేదబ్బాయ్" అన్నారు. ఆయన అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు. పాతిక రూపాయలు కూడా వెనక్కి అడగలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఘటక్ ఒక్కడే ఒక ఎత్తు.

1998లో హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటూ తిరుగుతున్నప్పుడు ఒక ఫిల్మ్ క్లబ్బువాళ్ళు 'మేఘే ఢాకా తారా' వేశారు. అరిగిపోయిన ప్రింటు. నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను, నేనే పంపిణీ చేసిన సినిమా చూడబోతున్నట్టు. దేశ విభజనలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి కలకత్తా పక్కన కాలనీలో పడ్డ కుటుంబం. పెద్దకూతురు నీతా చదువు మానేసి సంపాదించి ఇంటిల్లిపాదినీ లాగుతుంది. చెల్లెలు ఆమె ప్రేమించినవాణ్ణే పెళ్ళి చేసుకుంటుంది. ఆమెకి క్షయ వస్తుంది. చూస్తున్నకొద్దీ నా కాలు కిందకి దిగింది. నీతా గుండె పగిలి మెట్లు దిగుతుంటే వెనక కొరడా దెబ్బల చప్పుడు వినపడుతుంది. ఏ సన్నివేశానికీ సంబంధం లేని కొరడా, నేరుగా మన వీపు మీదే పడుతున్నట్టు. మన సీరియళ్ళలో అత్తగారు గుమ్మంలోకి రాగానే పడే ఉరుము దీని ముందు చాలా మర్యాదస్తురాలు. చివర షిల్లాంగ్ కొండల్లో శానటోరియం దగ్గర, అన్న కౌగిట్లో, నాకు బతకాలని ఉందని నీతా పెట్టిన కేక కొండలన్నీ తిరిగి మళ్ళీ మన చెవిలో పడుతుంది. కెమెరా కూడా ఆ కేకతో పాటే కొండలు చుట్టొస్తుంది.

ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా తీశాడని నేను తెనాలి మొత్తానికి చెప్పిన సినిమా అది. గొంతు పెంచకుండా తీశాడని! ఘటక్ అతికి భయపడలేదు. నాటక ఉద్యమం నుంచి వచ్చినవాడు, అతి ఆయనకి చేతి పనిముట్టు. ఆయన సినిమాల్లో టికెట్లు బాగా తెగింది కూడా అదొక్కటే. ఒక ఏడుపు సినిమాని కొట్టడానికి నేను అందుకున్న కర్ర అంతకంటే పెద్ద ఏడుపు సినిమా. లైట్లు వెలిగాక పక్కాయన కళ్ళు తుడుచుకుంటూ "ఎలా ఉందండీ?" అన్నాడు. "ముందే చూశాను" అన్నాను. ఈ అబద్ధానికి ఏ అవసరమూ లేదు. అలవాటయిపోయిందంతే.

ఆ తర్వాత నేను మారాను. మారడంలో కూడా మళ్ళీ అదే తొందర. ఇక ఏ కుటుంబ కథనీ చులకన చేయనని, కన్నీటిని గౌరవించేవాడే అసలైన విమర్శకుడని తీర్మానించుకున్నాను. ఒకప్పుడు ఏడుపంటే చిరాకుపడ్డవాణ్ణి, ఇప్పుడు తెర మీద నలుగురు కలిసి అన్నం తింటుంటే చాలు, చేతులు జోడించేవాణ్ణి. 2013 సంక్రాంతికి 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' వచ్చినప్పుడు నా తీర్మానానికి కాలం కలిసొచ్చింది. నేను మెచ్చుకున్నాను, జనమూ మెచ్చుకున్నారు. నా జీవితంలో మొదటిసారి నేనూ జనమూ ఒకే హాల్లోంచి ఒకే మొహంతో బయటికొచ్చాం. తల తిరగడానికి అది చాలదూ?

2016లో అదే దర్శకుడు శ్రీకాంత్ అడ్డాల 'బ్రహ్మోత్సవం' తీస్తున్నాడని తెలిసి ఒక మాసపత్రికకి వ్యాసం రాశాను. సినిమా మే 20న విడుదల. పత్రిక అంతకు ముందే అచ్చుకి వెళ్ళాలి. అయితేనేం? మహేష్ బాబు, సత్యరాజ్, జయసుధ, రేవతి, రావు రమేష్, ఇంతమంది ఒకే చూరు కింద. ఉమ్మడి కుటుంబానికి తెలుగు సినిమా కడుతున్న గుడి అని రాశాను. చూడకుండా తిట్టినవాణ్ణి ఇరవై మూడేళ్ళ తర్వాత చూడకుండా పొగిడాను. ఈ మధ్యలో నేను నేర్చుకున్నదేమిటో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. మొదటి ఆదివారం విజయవాడలో పంతొమ్మిది టికెట్లు కొన్నాను. తెనాలి నుంచి, గుంటూరు నుంచి, మంగళగిరి నుంచి చుట్టాలందర్నీ పిలిపించాను. పిన్నిని ముందు రోజే తీసుకొచ్చాను. మా బావగార్లిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు, పొలం గట్టు తగాదా. ఈ సినిమా చూస్తే కలిసిపోతారని వాళ్ళిద్దరికీ పక్కపక్క సీట్లు వేయించాను.

తెర మీద పండగ మొదలైంది. అందరూ పట్టుబట్టల్లో ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు. ఒకరు ఏదో అంటారు, పదిమంది నవ్వుతారు. లేస్తే నవ్వు, కూర్చుంటే నవ్వు, పళ్ళెం అందిస్తే నవ్వు. పావుగంటయ్యాక మా మేనల్లుడి కూతురు "తాతా, ఈవిడ వాళ్ళకేమవుతుంది?" అని అడిగింది. నాకు తెలియలేదు. "అత్తయ్య" అన్నాను. అరగంటకి మళ్ళీ "మరి ఈవిడ?" అంది. "ఆవిడా అత్తయ్యే." పెద్ద బావగారు నిద్రపోయారు. చిన్న బావగారు ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకుని తనూ నిద్రపోయారు. మూడేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉండటం అదే మొదలు.

పిన్నికి అప్పటికి అరవై ఆరేళ్ళు. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నా చెవిలో అడిగింది: "వీళ్ళెందుకురా అట్టా నవ్వుతున్నారు?"

నేను "ఉమ్మడి కుటుంబం కదా పిన్నీ" అన్నాను.

"మనదీ ఉమ్మడి కుటుంబమే. ఎప్పుడన్నా నవ్వామా అట్టా? అందరికీ కంచాలు చాల్తయ్యా లేదా అని చూసుకోటానికే సరిపోయేది." కాసేపాగి మళ్ళీ, "వీళ్ళకి ఏం తక్కువైందిరా?" అంది.

రావు రమేష్ అందులో బావమరిది. అందరి సంతోషం మధ్యా తనకేదో దక్కలేదని లోపల కుతకుతలాడే మనిషి. ఆయన తెర మీదకి వచ్చినప్పుడల్లా పిన్ని కుర్చీలో కొంచెం ముందుకి జరిగేది. "ఈయనొక్కడే మనలాగా ఉన్నాడు" అంది. ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాక ఆమెకి సినిమాతో పని తీరిపోయింది. చేతిసంచిలోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుంది. ఏడు తరాల చుట్టాల్ని వెతుక్కుంటూ హీరో ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, "ఉన్న పంతొమ్మిదిమందికే ఆటోలు దొరకవు, ఇంకా ఏడు తరాలా?" అంది.

ఆ ఒక్క ప్రశ్న, వీళ్ళకి ఏం తక్కువైందిరా అన్నది, నన్ను ఇంటిదాకా వెంబడించింది. నేను ఇన్నేళ్ళూ అతి గురించే కొట్టుకున్నాను. మొదట అతి తప్పన్నాను, తర్వాత అతి ఒప్పన్నాను. పిన్ని ఆ మాటే ఎత్తలేదు. 'మాతృదేవోభవ'లో తల్లికి రోజులు తక్కువ, ఇళ్ళు తక్కువ. 'మనుషులు మారాలి'లో తిండి తక్కువ. నీతా ఇంట్లో ఒక జీతం తక్కువ. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో రేలంగి మావయ్య కొడుకులకి, సినిమా మొత్తంలో పేర్లు కూడా లేని ఆ పెద్దోడికీ చిన్నోడికీ, ఉద్యోగం తక్కువ. ఆ తక్కువ ఎంతో మనకి తెలుసు కనక వాళ్ళు ఎంత ఎక్కువ ఏడ్చినా, నవ్వినా సరిపోయింది. 'బ్రహ్మోత్సవం'లో మనుషులకి ఏమీ తక్కువ లేదు. అందుకే వాళ్ళ ఆనందం పెళ్ళివారి వీడియోలా ఉంది. ఆ ఇంటివాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదు, ఇక్కడ ఆ ఇల్లే లేదు.

అప్పుడు నాకు ఇంత వివరంగా తోచలేదు. ఆ సాయంత్రం హాలు బయట పాప్‌కార్న్ డబ్బులు ఎవరిచ్చారన్న దాని మీద బావగార్లిద్దరికీ కొత్త తగాదా వచ్చింది. నేనే ఇచ్చానని పెద్దాయన, కాదు నా కార్డే గీకారని చిన్నాయన. మా మరదళ్ళు రెండు పక్షాలయ్యారు. పిల్లలు ఐస్‌క్రీము కావాలని ఏడ్చారు. పిన్ని మెట్ల మీద కూర్చుని ఇదంతా కళ్ళార్పకుండా చూసింది. ఆ రోజు ఆమెకి టికెట్టు డబ్బులు గిట్టింది అక్కడే.

నేను మాత్రం ఇంటికెళ్ళి కూర్చుని రెండో వ్యాసం రాశాను. అప్పటికే ఊరూవాడా సినిమా బాగాలేదంటోంది. పేపర్లన్నీ కథ ఎక్కడుందని అడుగుతున్నాయి. నాకు ఆ మాటల్లో ఇరవై మూడేళ్ళప్పటి నా గొంతు వినపడింది. ఇంకేముంది, పౌరుషం వచ్చింది. ఈనాటి సమీక్షకులకి కుటుంబం విలువ తెలియదని, గుండె తడి లేదని, కాలమే నిర్ణయిస్తుందని రాసి పంపాను. పక్కగదిలో నా కుటుంబం పాప్‌కార్న్ లెక్క తేల్చుకుంటూనే ఉంది. వ్యాసం మరుసటి నెల సంచికలో వచ్చింది. కాలం అప్పటికే నిర్ణయించేసి, థియేటర్లలో వేరే బొమ్మ వేసుకుంది.

ఈసారి పోస్టుకార్డు రాలేదు. పోస్టుకార్డులు రాసేవాళ్ళు పోయారు, అది ఒక కారణం. నాకు జవాబు రాసేంత కోపం ఎవరికీ రాలేదు, ఇది అసలు కారణం.

మొన్నొక మధ్యాహ్నం టీవీలో 'మాతృదేవోభవ' వేశారు. పిన్ని మా ఇంట్లోనే ఉంటోంది ఇప్పుడు. కళ్ళు సరిగా ఆనవు, మిషను మానేసి చాలా కాలమైంది, వంట మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వదు. పొయ్యి మీద వంకాయ పులుసు మరుగుతోంది. నేను హాల్లో కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నోట్‌బుక్కు లేదు. గడియారం చేతికి లేదు. ప్రకటనలు వచ్చినప్పుడు కూడా లేవలేదు, మంచినీళ్ళు పక్కనే పెట్టుకున్నాను.

వంటింట్లోంచి పిన్ని కేకేసింది. "ఎందాకా వచ్చిందిరా?"

నా గొంతు కొంచెం సర్దుకోవలసి వచ్చింది.

"ఇద్దర్ని ఇచ్చేసింది పిన్నీ. ఇంకా ఇద్దరున్నారు."

"అయితే వస్తున్నా. పులుసు దించి వస్తా, చూస్తా ఉండు" అంది.